గేమ్స్ పీరియడ్ మానిపించే ముందు...



నేను ఇంగ్లిష్ టీచర్ని. ఆటల గురించి రాయాల్సింది పీఈటీ సార్ కదా అని మీకు అనిపించొచ్చు. పోయిన నెల తొమ్మిదో తరగతి స్పోకెన్ ఇంగ్లిష్ యాక్టివిటీలో ఒక అమ్మాయి, అమెరికాలో ఆడవాళ్ల కోసం పెట్టిన తొలి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ గురించి మాట్లాడింది. బాగా చదువుకుని వచ్చింది. అదే వారం ఆ పాప డైరీలో ఇంటి నుంచి నోట్ వచ్చింది: ఇకపై గేమ్స్ పీరియడ్‌లో ఫౌండేషన్ మెటీరియల్ చదువుకోనివ్వండి అని. ఆ రెండూ కలిపి ఆలోచిస్తే రాయకుండా ఉండలేకపోయాను.

ఆ లీగ్ పేరు వుమెన్స్ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్. బిల్ బర్న్ అనే ఆయన ఎనిమిది జట్లతో మొదలుపెట్టారు. 1978 డిసెంబర్ 9న మిల్వాకీలో మొదటి మ్యాచ్. 7,824 మంది చూడటానికి వచ్చారు. చికాగో హజిల్ 92-87తో మిల్వాకీ డోస్‌ను ఓడించింది.

జట్ల పేర్ల దగ్గర ఇంగ్లిష్ టీచర్‌గా కాస్త ఆగాలి. మిల్వాకీ మగవాళ్ల జట్టు బక్స్, అంటే మగ జింకలు. కాబట్టి ఆడవాళ్ల జట్టు డోస్, ఆడ జింకలు! మిన్నెసోటా వాళ్లు ఫిల్లీస్, అంటే ఆడ గుర్రప్పిల్లలు. కాలిఫోర్నియా జట్టు అమ్మాయిలనైతే మేకప్, నడక నేర్పే స్కూల్‌కి పంపారు. బంతి వేయడం వచ్చినా చాలలేదన్నమాట.

డబ్బు దగ్గర మాత్రం కథ నవ్వొచ్చేది కాదు. చాలామందికి సీజన్‌కి ఐదు నుంచి పదిహేను వేల డాలర్లకు ఒప్పందం, అదీ సరిగా చేతికి రాలేదు. చెక్కులు బౌన్స్ అయ్యేవి. 1980 మాస్కో ఒలింపిక్స్‌తో ఆటకు పేరొస్తుందని ఆశపడితే అమెరికా ఆ ఒలింపిక్స్‌నే బహిష్కరించింది. 1981 మార్చిలో జీతాలు అందని ఫిల్లీస్ అమ్మాయిలు చికాగోలో మ్యాచ్ ఆడకుండానే కోర్టు దిగి వెళ్లిపోయారు. ఆ ఏడాదే, మూడు సీజన్లతో లీగ్ మూతపడింది.

"మూడేళ్లకే మూసేస్తే ఫెయిలైనట్టే కదా మేడమ్?" అని వెనక బెంచీ అబ్బాయి ఒకడు అడిగాడు. వాడి ప్రశ్నలో తప్పులేదు. చాలా ఊళ్లలో జనం రాలేదు కూడా. కానీ నన్ను ఆకట్టుకున్నది ఆ అమ్మాయిలు ఎక్కడి నుంచి వచ్చారన్నది.

లీగ్‌లో మొదట సంతకం చేసిన క్రీడాకారిణి మాలీ బోలిన్. అయోవా రాష్ట్రంలోని మొరావియా అనే చిన్న ఊళ్లో చదువుకుంది. ఆ రాష్ట్రంలో బడి అమ్మాయిలు ఆడే బాస్కెట్‌బాల్ వేరుగా ఉండేది: జట్టుకు ఆరుగురు. ముగ్గురు బాస్కెట్లు వేయాలి, ముగ్గురు అడ్డుకోవాలి. ఎవరూ సగం గీత దాటకూడదు, బంతిని రెండుసార్లకు మించి నేలకు కొట్టకూడదు. కోర్టంతా పరిగెత్తితే ఆడపిల్లల ఒంటికి మంచిది కాదని పాతకాలంలో నమ్మిన పద్ధతి అది. 1993 వరకూ నడిచింది! ఆ సగం కోర్టులోనే మాలీ స్కూల్ మ్యాచ్‌లో 83 పాయింట్లు కొట్టింది. తర్వాత లీగ్‌లో పూర్తి కోర్టు మీద ఒక మ్యాచ్‌లో 55. రూల్స్ పాతవే అయినా, అయోవాలో అమ్మాయిలు ఆడుతున్నారంటే ఊరంతా చూసేది. డెమాయిన్‌లో జరిగే రాష్ట్ర టోర్నమెంట్‌కు హాలు కిక్కిరిసేది. అమెరికాలో మిగతా చాలాచోట్ల బడిలో అమ్మాయిలకు జట్టే ఉండేది కాదు. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలు ఆడామగా తేడా చూపకూడదన్న టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చాకే పరిస్థితి మారడం మొదలైంది. ఇప్పుడు టీవీలో కనిపించే డబ్ల్యూఎన్‌బీఏ ఆటలు మొదలైంది 1997లో. ఆ పాత లీగ్ వాళ్లను నాక్స్‌విల్‌లోని వుమెన్స్ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ 2018లో సత్కరించింది.

లీగ్‌ను నడపడం మన చేతుల్లో లేదు. బడి, ఇల్లు మన చేతుల్లో ఉన్నాయి. ఫౌండేషన్ ఫీజు ఎంతో, ర్యాంకు భయం ఎంతో నాకు తెలుసు. ఆ భయం అబ్బాయిల తల్లిదండ్రులకూ ఉంటుంది. మరి గేమ్స్ వద్దంటూ నాకొచ్చే నోట్లలో అబ్బాయిల పేర్లు ఎందుకంత తక్కువ? నేనూ తొమ్మిదిలోనే ఖో-ఖో మానేశాను. మానమని ఎవరూ అనలేదు, ఆడమనీ ఎవరూ అనలేదు.

ఆ నోట్ మీద నేనింకా సంతకం పెట్టలేదు. వచ్చే పీటీఎంలో మార్కుల గురించి మాట్లాడాక ఓ పది నిమిషాలు కోర్టు వైపు రండి. ఆ పాప ఎడమచేత్తో బాస్కెట్ వేస్తుంది. మీరు ఇంకా చూసి ఉండరు.