ఎత్తుపల్లాల ఊళ్ళో సైకిల్



శాన్ ఫ్రాన్సిస్కోలో కొత్తగా కాపురం పెట్టిన చెల్లెళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆయన పొద్దున్నే కారు తీసుకెళ్ళిపోతారు. నాకింకా లైసెన్స్ రాలేదు. సైకిల్ కొనుక్కుందామంటే ఇల్లేమో కొండ మీద, రోడ్డు నిండా కార్లు. తొక్కగలనంటారా?" ఈ నెల కబుర్లు దీని మీదే. సియాటిల్, పిట్స్‌బర్గ్ లాంటి ఎత్తుపల్లాల ఊళ్ళలో ఉన్నవాళ్ళకీ ఇందులో చాలా మాటలు పనికొస్తాయి. అమ్మానాన్నల్ని రప్పించుకోబోతున్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

మనలో చాలామందికి సైకిల్ కొత్తేం కాదు. చున్నీ నడుముకి బిగించి కట్టుకుని ట్యూషన్‌కి వెళ్ళినవాళ్ళమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'బడికొస్తా' పేరుతో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ళు ఇచ్చింది కూడా, దూరం వల్ల చదువు మానేయకూడదని. ఇక్కడికొచ్చాక ఆ సైకిల్ పిల్లల ఆటవస్తువైపోయింది, అంతే.

ముందు కొండ సంగతి చూద్దాం. శాన్ ఫ్రాన్సిస్కోలో ఫిల్‌బర్ట్ వీధిలో ఒక ముక్క ఉంది. అక్కడ ఏటవాలు 31.5 శాతం. అంటే వంద అడుగులు ముందుకెళ్తే ముప్ఫై అడుగులకి పైనే ఎత్తుకి చేరతాం. అది సైకిల్‌కి దారి కాదు, నడకకే ఆయాసం. కానీ అదే ఊళ్ళో 'విగుల్' అనే దారి ఉంది. మార్కెట్ వీధి వైపు నుంచి గోల్డెన్ గేట్ పార్క్ వైపు సుమారు ఒక మైలు. తిన్నగా కొండెక్కకుండా డ్యూబోస్, స్టైనర్, వాలర్, పియర్స్, హైట్, స్కాట్ వీధుల్లో మెలికలు తిరుగుతూ వెళ్తుంది. ఒకప్పుడు అక్కడ వాగు పారిన పల్లం అది. నీళ్ళు వెతుక్కున్న దారినే సైకిళ్ళూ పట్టుకున్నాయన్నమాట. ఎక్కడా ఏటవాలు 6 శాతం దాటదు. కాబట్టి మీ ఇంటినుంచి బడికి, కూరగాయల కొట్టుకి కారు వెళ్ళే దారే సైకిల్ దారి అనుకోకండి. మ్యాపులో సైకిల్ గుర్తు నొక్కి చూడండి, ఎత్తు ఎంతో కూడా చెప్తుంది.

చుట్టూ తిరిగే దారి లేకపోతే ఎలక్ట్రిక్ సైకిల్ ఉంది. కాలిఫోర్నియాలో వీటిని మూడు తరగతులు చేశారు. మొదటిది, మనం తొక్కితేనే మోటారు సాయం చేస్తుంది, గంటకి 20 మైళ్ళ వేగం దాకా. రెండోదానికి స్కూటీలాగా థ్రాటిల్ కూడా ఉంటుంది, అదీ 20 మైళ్ళే. మూడోది 28 మైళ్ళ దాకా సాయం చేస్తుంది. దానికి 16 ఏళ్ళు నిండాలి, హెల్మెట్ తప్పనిసరి. ఈ మూడింటికీ డ్రైవింగ్ లైసెన్స్ అక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు ఏ సైకిల్ తొక్కినా హెల్మెట్ పెట్టుకోవాలని చట్టం. పెద్దవాళ్ళం మనమూ పెట్టుకుంటే తప్పేముంది? ఇంకో మాట. బ్యాటరీని దానితో వచ్చిన ఛార్జర్‌తోనే పెట్టండి, గుమ్మానికి అడ్డంగా పెట్టకండి, రాత్రి పెట్టేసి నిద్రపోకండి.

మామూలు సైకిలే ఉంటే ఒక చిన్న ఉపాయం. మ్యూనీ బస్సుల ముందు సైకిల్ పెట్టుకునే స్టాండ్ ఉంటుంది. ఎక్కేటప్పుడు బస్సు, దిగేటప్పుడు సైకిల్!

అయితే దిగడమే అసలు జాగ్రత్త. వాలు మొదట్లోనే రెండు బ్రేకులూ మెల్లగా పట్టండి, వేగం అందుకున్నాక గట్టిగా నొక్కితే జారతారు. పార్క్ చేసిన కార్లకి ఒక తలుపంత దూరం వదలండి, ఎవరు ఎప్పుడు తలుపు తీస్తారో తెలీదు. ట్రామ్ పట్టాల్ని అడ్డంగా, నిటారుగా దాటండి. ఏటవాలుగా వెళ్తే చక్రం ఇరుక్కుంటుంది, తడిసి ఉంటే మరీను. చీకటి పడితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్రది.

ఇవన్నీ మన చేతిలో ఉన్నవి. కానీ మనల్ని ఇంట్లో కూర్చోబెడుతున్నది కొండ కాదండీ, కార్ల వేగం. ఏఏఏ ఫౌండేషన్ 2011లో ఒక లెక్క చెప్పింది. గంటకి 23 మైళ్ళ వేగంతో కారు గుద్దితే నడిచేవాళ్ళు చనిపోయే అవకాశం 10 శాతం. 42 మైళ్ళయితే 50 శాతం. డెబ్భై ఏళ్ళవాళ్ళకి 25 మైళ్ళ దెబ్బ, ముప్ఫై ఏళ్ళవాళ్ళకి 35 మైళ్ళ దెబ్బతో సమానమట. సాయంత్రం అలా నడిచొస్తానని బయల్దేరే మామగారిని, మనవణ్ణి బడినుంచి తీసుకొచ్చే అమ్మని తల్చుకుని ఈ లెక్క ఇంకోసారి చదవండి.

శాన్ ఫ్రాన్సిస్కో 2014లో 'విజన్ జీరో' అని ప్రతిజ్ఞ చేసింది, పదేళ్ళలో రోడ్డు మీద ఒక్క ప్రాణం కూడా పోకూడదని. 2024 వచ్చింది. ఆ ఒక్క ఏడే నలభై మందికి పైగా పోయారు. ఆ మార్చిలో వెస్ట్ పోర్టల్ దగ్గర బస్ స్టాప్‌లో నిలబడ్డ తల్లి, తండ్రి, ఇద్దరు పసిపిల్లల మీదికి కారు దూసుకొచ్చింది. నలుగురూ దక్కలేదు. ఆ తర్వాత అక్కడ కార్ల దారి మారుస్తామని నగరం అంది. కొట్లవాళ్ళు బేరాలు పోతాయన్నారు, ఇరుగుపొరుగువాళ్ళు పిల్లలు ముఖ్యమన్నారు. చివరికి మొదట అనుకున్నదానికంటే తగ్గించి మార్పులు చేశారు. ఎవరెంత గట్టిగా మాట్లాడితే రోడ్డు అంతగా మారింది.

మాట్లాడితే ఏమవుతుందో ఇంకో ఉదాహరణ. 2006లో ఒకాయన కోర్టుకెక్కితే, పర్యావరణ పరిశీలన జరిగేదాకా ఆగమని ఆ ఊరి సైకిల్ ప్రణాళికకి అడ్డు పడింది. 2010 దాకా, నాలుగేళ్ళు కొత్త సైకిల్ లేన్లు దాదాపు ఆగిపోయాయి! అదే ఊళ్ళో 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ రోజుల్లో, కొన్ని వీధుల్ని 'స్లో స్ట్రీట్స్' చేశారు. ఆ వీధివాళ్ళ కార్లు రావచ్చు, అడ్డదారిగా వాడుకోకూడదు. కొండ మీది శాంచెజ్ వీధి, పేజ్ వీధి వాటిలోవే. జనం వదల్లేదు, మళ్ళీ మళ్ళీ అడిగారు. 2022 డిసెంబర్‌లో కొన్నిటిని శాశ్వతం చేశారు.

"మనం వీసా మీద ఉన్నవాళ్ళం, మనకెందుకు?" అంటారు కదూ? కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం స్థానిక సంస్థల బహిరంగ సమావేశంలో ఎవరైనా మాట్లాడొచ్చు. ఓటు అక్కర్లేదు, గ్రీన్‌కార్డ్ అక్కర్లేదు. వీసా కాగితాలు చూపించమని అడగరు. ఇంగ్లీష్ తడబడితే కాగితం మీద రాసుకెళ్ళి చదవండి. "మా వీధి చివర కొండ మొదట్లో కార్లు కనిపించవు, మా అత్తగారు రోజూ అక్కడే దాటుతారు" అంటే చాలు. ఇంజినీర్ల లెక్కల్లో లేనిది మీ కళ్ళముందు ఉన్నదే కదా.

సమావేశం దాకా ఎందుకంటారా? 311కి ఫోన్ చేయండి. తెలుసుకోవాల్సిన చట్టం ఒకటుంది. క్రాస్‌వాక్ వచ్చేముందు 20 అడుగుల లోపు కార్లు ఆపకూడదని కాలిఫోర్నియాలో రూలు, 2025 జనవరి నుంచి జరిమానాలూ వేయొచ్చు. మూల మీద పెద్ద కారు ఆగి ఉంటే మూడడుగుల పిల్లాడు డ్రైవర్‌కి కనపడడు, పిల్లాడికి కారు కనపడదు. కొండ అంచున ఉన్న మూలలో మరీ ప్రమాదం.

అందుకే ఈ వారం ఒక పని పెట్టుకుందాం. మీ ఇంటినుంచి బడి దాకా, లేదా బస్ స్టాప్ దాకా ఒకసారి మెల్లగా నడవండి. ఎక్కడ గుండె ఝల్లుమందో ఆ మూల పేరు, రెండు వీధుల పేర్లు, టైము రాసుకోండి. ఫోటో తీయండి. పక్కింటావిడని కూడా కలుపుకోండి, ఆవిడ ఏ భాషావిడైనా సరే. ఇద్దరూ విడివిడిగా 311కి చెప్పండి. మన గ్రూపులో కూడా పెట్టండి. ఒకే ఊళ్ళో ఉన్న పదిమంది ఒకే మూల పేరు రాస్తే సమావేశానికి ఏం తీసుకెళ్ళాలో మీకే తెలుస్తుంది. ఆ పదిమందిలో మాట్లాడే ధైర్యం ఒకరికి వస్తే చాలు, మిగతావాళ్ళు పక్కన కూర్చోండి.