చిక్కాల్సింది ఏ సర్కారు?

సర్కారు బాగా లావైపోయిందట. ఉద్యోగులు ఎక్కువయ్యారట, జీతాలకే ఖజానా చాలడం లేదట, కాస్త చిక్కాలట. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో పేపరు చేతబట్టిన పెద్దమనుషులంతా ఇదే పాట. మన పేటల్లోనూ కొందరు తలూపుతున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

తగ్గింపు అనగానే మేము కస్సుమనం. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులు ఎత్తేసింది. అదీ తగ్గింపే. మాలపల్లెలో గానీ మాదిగగూడెంలో గానీ ఎవరైనా ఏడ్చారా? భూమి లెక్క కరణం సంచిలో, పెత్తనం మునసబు అరుగు మీద. తాతల నాటి నుంచి ఆ ఇళ్ళలోనే తిరిగిన అధికారం. పోతే పీడా పోయింది.

ఇప్పుడు కోస్తున్నది దాన్ని కాదు. వీధులు ఊడ్చే పని, ఆస్పత్రి వార్డు పని, ఆఫీసులో అటెండరు పని - మనవాళ్ళు కాలు పెట్టిన చోట్లే కాంట్రాక్టుకు పోయాయి. పని తగ్గలేదు, చీపురూ మారలేదు. జీతమిచ్చే చెయ్యి మారింది. రాజ్యాంగం 16(4) అధికరణం సర్కారు కొలువుకే రిజర్వేషన్ చెప్పింది. కాంట్రాక్టరు గుమ్మం దాకా అది రాదు. పోస్టు పోతే రోస్టరూ పోతుంది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షకు పైగా ఉద్యోగాలు వేస్తే మన పిల్లలు పరీక్ష రాసి ఎక్కారు. 2025లో జనాభా లెక్కన సిబ్బందిని కుదించారు. ఉన్నవాళ్ళను వేరేచోట సర్దుతారు, సరే. తీసేసిన కుర్చీలో రేపు మన పిల్ల ఎలా కూర్చుంటుంది?

కొల్లేరు చూడండి. 1970ల్లో సొసైటీలు పెట్టి చేపలు పట్టే కులాలకూ, దళితులకూ చెరువులిచ్చారు. కాగితం మీద పేరు పేదోడిది, లాభం పెట్టుబడిదారుడిది. అప్పుడు సర్కారు కంటికి ఆనలేదు. 1999లో అభయారణ్యమన్నారు. 2006లో అయిదో కాంటూరు లోపలి గట్లను యంత్రాలతో, మందుగుండుతో కొట్టారు. అప్పుడు సర్కారు ఎంత పెద్దదో కళ్ళారా చూశాం! సరస్సు బతకాలి, కాదనం. డబ్బున్నోడు ఇంకోచోట చెరువు తవ్వుకున్నాడు. గట్టు మీద కాపలా కాసినోడికి, వల లాగిన కూలోడికి బతుకు చూపించే వేళకి మళ్ళీ సర్కారు చిన్నదైపోయింది.

అంబేద్కర్ 1947లోనే ముఖ్య పరిశ్రమలు, భూమి రాజ్యం చేతిలో ఉండాలని రాసిచ్చాడు. రాజ్యం పక్కకు తప్పుకుంటే ఆ జాగాలోకి వచ్చేది స్వేచ్ఛ కాదు, ఆసామి అని ఆయనకు తెలుసు.

కాబట్టి పెద్దదా చిన్నదా అన్న పంచాయితీ మనది కాదు. లాఠీ దగ్గర చిక్కమందాం, బడి దగ్గర, ఆస్పత్రి దగ్గర ఒళ్ళు చెయ్యమందాం. కార్యకర్తలు ఈ పక్షంలోనే ఒక పని చెయ్యాలి. మీ సచివాలయంలో, మున్సిపాలిటీలో ఖాళీలెన్ని, కాంట్రాక్టు కింద ఎందరు, వాళ్ళకు పి.ఎఫ్. కడుతున్నారా - 2005 సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టండి. జవాబు పేటలో అందరికీ చదివి వినిపించండి. ఆ తర్వాత అడుగుదాం, ఎవరు లావెక్కారో.

జై భీమ్!