వెండితెర విమర్శ: సొరచేప పగ

మంచి చిత్రమునకు తరువాయిగా వచ్చినది మంచిది కాకపోవుట వింత గాదు. అయినను ‘జాస్’ చిత్రముల వరుసలో నాల్గవదియు కడపటిదియు నగు ‘జాస్: ది రివెంజ్’ను గూర్చి ఇచ్చట వ్రాయుటకు వేరొక కారణము గలదు. 1987లో వెలువడిన ఈ చిత్రమున కథానాయిక భర్తను గోల్పోయిన స్త్రీ. ఇద్దరు కొడుకుల తల్లి. మనుమరాలిని ఎత్తుకొని ముద్దాడు నాయనమ్మ. భయానక చిత్రములలో పడుచుపిల్లలు కెవ్వున కేకలు వేయుటకే యుందురు గాని, నడివయసు దాటిన ఇల్లాలు తానై శత్రువు నెదుర్కొనుట ఎంత యరుదో మీ రెరుగుదురు. అట్టి యవకాశము చేతి కందగా దానిని నేలపాలు చేసిన చిత్ర మిది.

మొదటి ‘జాస్’ 1975లో వచ్చినది. పీటర్ బెంచ్లీ నవల దానికి మూలము. స్టీవెన్ స్పీల్‌బర్గ్ దర్శకుడు. అమెరికాలో మార్తాస్ వినియార్డ్ అను దీవిలో చిత్రీకరించిరి. యంత్రముతో చేసిన సొరబొమ్మ ఉప్పునీట మాటిమాటికి చెడిపోయి, యేబదియైదు దినములలో ముగియవలసిన పని 159 దినములు సాగెను. ఆ చెడిపోవుటయే మేలయ్యెను. చేపను చూపలేక, నీటిపై తేలు పసుపు పీపాలను, ఒక రెక్కను, జాన్ విలియమ్స్ కూర్చిన రెండు స్వరముల వాద్యమును మాత్రమే పెట్టుకొని మనలను వణకించిరి. చిత్రము సగము దాటిన పిమ్మట గాని సొర నిండుగ కనబడదు. ఆ చిత్రమును కత్తిరించి కూర్చిన వెర్నా ఫీల్డ్స్ అను నామె దానికై ఆస్కారు బహుమాన మందుకొనెను. పగిలిన పడవలోనుండి శవము తల బయటపడు ఘట్టమును ఆమె ఇంటి యీతకొలనులోనే, నీరు మసకగా నుండుటకు పాలపొడి కలిపి, తీసిరని చెప్పుదురు. పాలపొడికి ఇట్టి యుపయోగము కూడ గలదని మన మెన్నడు తలచితిమి!

అందలి భయమంతయు ఇంటిని ఆనుకొని యున్నది. పోలీసు అధికారి మార్టిన్ బ్రోడీ భోజనపు బల్లకడ తల వంచుకొని దిగులుపడి కూర్చుండగా, చిన్న కొడుకు తండ్రి చేష్టల నొక్కొక్కటిగ అనుకరించును. భార్య ఎలెన్ దూరమునుండి చూచుచు నిలుచును. వేరొకచోట, సొర సంగతి తెలిసియు సముద్రతీరమును మూయలేదని, కొడుకును పోగొట్టుకొన్న తల్లి నల్లబట్టలతో వచ్చి బ్రోడీ చెంప ఛెళ్లుమనిపించును. నిమిషము పట్టు ఆ ఘట్టములో నున్నంత పుత్రశోకము నాల్గవ చిత్రమంతటను వెదకినను దొరకదు.

నాల్గవ కథ ఇది. బ్రోడీ గుండెపోటుతో గతించినాడు. క్రిస్మసు దినములలో చిన్నకొడుకు షాను సొర నోట పడును. ఆ చేప తన కుటుంబమునే వెంటాడుచున్నదని తల్లి నమ్మును. పెద్దకొడుకు మైకేలు ఆమెను బహామా దీవులకు గొనిపోవును. వెయ్యి మైళ్లకు పైబడిన దారి యీది సొరయు కొద్ది దినములలోనే అక్కడ ప్రత్యక్షమగును! పాముపగ మనకు కొత్త గాదు. కాని పాముపగ కథలలో జంటపామును చంపిన వాడొకడైన నుండును. ఇందు ఆ చేపకు బ్రోడీ యింటివారిపై పగ యేల గలిగెనో, వారి చిరునామా దానికెట్లు తెలిసెనో కథకులు ఒక్క మాటయు చెప్పరు. పైపెచ్చు సొర నీటిపైకి లేచి సింహమువలె గర్జించును. మన కోస్తా యిండ్లలో బాలింతకు పాలు పడునని సొరపిట్టు వండి పెట్టుదురు. ఆ చేప అరువగా విన్న జాలరి యొక్కడును లేడు. దానికి కంఠధ్వనియే లేదు.

ఈ వింతలను నవ్వి సరిపెట్టుకొనవచ్చును. సరిపెట్టుకొనరానిది వేరొకటి. బహామాలో సొర కనబడిన సంగతిని మైకేలు తల్లికి చెప్పక దాచును. ఆమె భయము వట్టి భ్రమయని ఊరడించుచునే, తాను తోటివానితో గూడి ఆ చేపను పరిశోధించుచుండును. ఆడువారు తల్లడిల్లుదురని చెడువార్తను దాచిపెట్టుట, తీరా నిజము బయటపడినప్పుడు ‘నీ మేలు కొరకే’ యనుట ఏ యింట లేదు? ఇచ్చట తల్లీకొడుకుల నెదురెదుర నిలిపి నాలుగు మాటలు పలికించిన చిత్రము నిలిచియుండును. రచయితలకు ఆ యూహయే తట్టలేదు. అంతకంటె వింత: మార్టిన్ మొదటి సొరను చంపిన దృశ్యము ఎలెన్‌కు జ్ఞాపకముగ తోచును. ఆనా డామె యక్కడ లేనే లేదు! భోజనపు బల్లకడి అనుకరణను కూడ మనుమరాలిచేత మరల చేయించిరి గాని, అది పాత యుత్తరమునకు తీసిన నకలువలె నున్నది.

తుదకు ఎలెన్ ఒంటరిగ పడవ నెక్కి సముద్రము మీదికి పోవును. మన మూపిరి బిగబట్టుదుము. అంతలో విమానమున ముగ్గురు మగవారు దిగుదురు, యంత్రమును తెత్తురు, హడావిడి చేయుదురు. వారిలో నొకడైన మైకేల్ కెయిన్ ఈదివచ్చి పడవ నెక్కునప్పటికి చొక్కా తడిసినట్లే తోపదు. ఈ చిత్రీకరణలో నుండుటచేతనే ఆయన తన ఆస్కారును స్వయముగ అందుకొనజాలకపోయెను. పడవను సొరపైకి నడుపునది ఎలెనే యైనను ఆ కోలాహలమున ఆమె ముఖము మనకు చాలసేపు దక్కదు. ముగింపును సైతము రెండు విధములుగ తీసిరి: ఒకదానిలో సొర పడవ ముక్కుకు గ్రుచ్చుకొని చచ్చును, మరియొకదానిలో పేలిపోవును. ఫిబ్రవరిలో మొదలిడి జూలైకి విడుదల చేసిన తొందర ప్రతిచోట కనబడుచున్నది.

ఇందులకు దర్శకుడు జోసెఫ్ సార్జెంటును గాని నటిని గాని మిక్కిలి నిందింప మనసొప్పదు. వేసవి విడుదల తేదీ ముందు, కథ వెనుక యైనచో ఎవరేమి చేయగలరు?

మొదటి చిత్రమును పెద్దపిల్లలతో గూడి తప్పక చూడుడు. పసివారిని మాత్రము నిద్రపుచ్చుడు. నాల్గవదానిలో ఎలెన్ ఒంటరిగ చుక్కాని పట్టుకొని పోవు కొలది నిమిషములే చూడదగినవి. అచ్చట లొరేన్ గేరీ ముఖమున మొదటి చిత్రమునాటి గృహిణి క్షణకాలము మరల కనబడును. ఎనిమిదేండ్లు నటన మానియుండి ఈ పాత్రకై తిరిగి వచ్చిన యామెకు ఇదియే కడపటి చిత్ర మయ్యెను.