బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు

అధిక రక్తపోటు చికిత్సపై గత పదేళ్లుగా వైద్యలోకంలో సాగుతున్న చర్చ చాలావరకు ఒక అంకె చుట్టూ తిరుగుతోంది. అమెరికాలో 9,361 మందిపై జరిగి 2015లో వెలువడిన స్ప్రింట్ అధ్యయనంలో సిస్టాలిక్ పీడనాన్ని, అంటే గుండె ముడుచుకున్నప్పుడు ధమనులపై పడే ఒత్తిడిని తెలిపే పై అంకెను, 140కి బదులు 120 లోపు ఉంచడానికి ప్రయత్నించిన వర్గంలో గుండెపోటు, గుండె వైఫల్యం, పక్షవాతం వంటి ప్రమాదాలు మొత్తం మీద సుమారు నాలుగో వంతు తగ్గాయి. 2017లో అమెరికా హృద్రోగ సంఘాలు 130/80 నుంచే అధిక రక్తపోటుగా లెక్కించగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సాధారణ రోగికి 140/90 వద్ద మందు మొదలుపెట్టమని చెప్పింది. వీటిలో ఏది పాటించాలన్న సందేహం వరంగల్ పల్లెల్లో పనిచేసే వైద్యులకు కలగడం సహజమే గాని, అంతకన్నా ముందు తేలవలసిన సంగతి మరొకటి ఉంది.

స్ప్రింట్ అధ్యయనంలో రోగిని ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోబెట్టి, ఆ తర్వాత యంత్రంతో మూడుసార్లు కొలిచి సగటు తీశారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉదయం ఓపీ వేళ ఎండలో నడిచి వచ్చిన మనిషిని వీపుకు ఆనిక లేని స్టూలుపై కూర్చోబెట్టి, చేయి వేలాడుతుండగానే పట్టీ చుట్టి, ఒకవైపు మాట్లాడిస్తూ ఒక్కసారి చూసి రాసుకునే అంకెకు, ఆ సగటుకు పొంతన ఉండదు. వేలాడే చేయి, మాట్లాడటం, లావు చేతికి చుట్టిన చిన్న పట్టీ, ఇవన్నీ అంకెను పైకే నెడతాయి. కొలత మారకుండా లక్ష్యాన్ని మాత్రం అరువు తెచ్చుకుంటే, అవసరం లేనివారికి గోళీలు పెరిగి, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోయే వృద్ధుల సంఖ్య కూడా పెరుగుతుంది.

ఏ మందు ఇవ్వాలన్న విషయంలో వైద్యుడికి పెద్ద చిక్కు లేదు. 2017 నవంబరులో ఐదు రాష్ట్రాలతో ప్రారంభమైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ కూడా ఉంది. ఏ మందుతో, ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో, అదుపు కాకపోతే తర్వాత ఏది చేర్చాలో ముందే నిర్ణయించిన చికిత్సా క్రమమే దాని వెన్నెముక. రెండేసి మందులు కలిపిన మూడు రకాల మాత్రలను భారతీయ రోగులపై పోల్చి చూసిన టాప్‌స్పిన్ అధ్యయనంలో మూడూ దాదాపు సమానంగానే పనిచేశాయి. కాబట్టి ఏ కలయిక గొప్పదన్న తర్కంలో వైద్యుడి సమయం ఖర్చు కానవసరం లేదు.

అసలు కొరత ఆ గోళీలు ఆగకుండా అందడంలో ఉంది. పత్తి ఏరే రోజుల్లో, మిరప కోతల్లో కూలిని వదులుకుని దవాఖానా వరుసలో నిలబడటం ఆ కుటుంబాలకు భారమే గనుక, అయిపోయిన గోళీలు అయిపోయినట్టే ఉండిపోతాయి. ఒంట్లో ఏ బాధా తెలియదు కనుక మానేసినా నష్టం లేదనిపిస్తుంది. ఆ నష్టం బయటపడేసరికి రోగిని పక్షవాతంతో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వస్తుంది. రక్తపోటు అదుపులోకి వచ్చాక మూడు నుంచి ఆరు నెలలకోసారి చూస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పినప్పుడు, అలాంటివారికి మూడు నెలల గోళీలు ఒకేసారి ఇవ్వడానికి ప్రభుత్వం వెనుకాడకూడదు.

ఇక ఈ మార్గదర్శకాలు దాదాపు ఇంగ్లీషులోనే ఉండిపోవడం మరో లోపం. బీపీ చూసేది చాలాచోట్ల ఏఎన్ఎంలు, గోళీలు మింగుతున్నారో లేదో అడిగేది ఆశా కార్యకర్తలు. జనం పలుకుబడిలోనే రాయాలని పట్టుబట్టిన కవి కాళోజీ పేరు పెట్టుకున్న ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది, 1959 నాటి కాకతీయ వైద్య కళాశాల పక్కనే పనిచేస్తోంది. ఈ రెండూ కలిసి ఒక్క పేజీ తెలుగు సూచనపత్రం తయారుచేసి ప్రతి పల్లె దవాఖానాలో బీపీ యంత్రం దగ్గర అతికించవచ్చు. అందులో కూర్చోబెట్టే పద్ధతి, మందుల క్రమం, మళ్లీ రావలసిన గడువుతో పాటు, ఆమ్లోడిపిన్‌తో కాళ్ల వాపు రావచ్చనీ, గర్భం దాల్చే వయసు స్త్రీకి టెల్మిసార్టాన్ రాసే ముందు గర్భం ఉందేమో తప్పక అడిగి తెలుసుకోవాలనీ పెద్ద అక్షరాల్లో ఉండాలి.