మహమ్మారి వేళ విచారణ గురువు విధి

2020 మార్చిలో ఒక కథ ప్రపంచమంతటా తిరిగింది. ఉత్తర ఇటలీలో బేర్గమో సమీపాన ఉన్న కస్నీగో అనే చిన్న ఊరి కథోలిక గురువు దోన్ జుసెప్పె బెరార్దెల్లి, వయస్సు 72, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరారనీ, తన కోసం భక్తులు కొనిపెట్టిన వెంటిలేటరును ముక్కూ ముఖం తెలియని ఒక యువరోగికి ఇచ్చివేసి తాను మరణించారనీ ఆ కథ సారాంశం. చదివినవారెందరో కంటతడి పెట్టారు. కొద్ది రోజులకే బేర్గమో మేత్రాసనం వర్గాలే దానిని సరిదిద్దాయి. భక్తులు వెంటిలేటరు కొనలేదు. ఆయన ఆరోగ్యస్థితి ఆ పరికరాన్ని భరించగలిగేదిగా లేదు. ఆయన మరణం నిజం, ఊరివారికి ఆయనపై ఉన్న ప్రేమ నిజం. వెంటిలేటరు దానం మాత్రం కల్పితం. ఈ దిద్దుబాటు కథ వెళ్లినంత దూరం వెళ్లలేదు.

మంచిమాటే కదా, అబద్ధమైతే మాత్రం ఏమి నష్టమని కొందరంటారు. వైద్యునిగా నేను దీనిని అంగీకరించను. వెంటిలేటరు ఒకరు కొని మరొకరికి చేతికిచ్చే గొడుగు వంటిది కాదు. శ్వాసనాళంలోకి గొట్టం వేయాలి, రోగిని మత్తులో ఉంచాలి, ఆక్సిజన్ సరఫరా ఉండాలి, రేయింబవళ్లు కనిపెట్టుకొని ఉండే శిక్షణ పొందిన సిబ్బంది ఉండాలి. ఎవరికి ఆ యంత్రం మేలు చేస్తుందో, ఎవరి శరీరం దానిని తట్టుకోలేదో నిర్ణయించేది వైద్యులు. ఆ కథ ఈ వాస్తవాన్ని చెరిపివేసి, రోగుల త్యాగబుద్ధితో పరికరాల కొరత తీరుతుందన్న భ్రమ కల్పించింది. పడకలు ఎందుకు చాలలేదు, మాస్కులు ఎందుకు దొరకలేదు అని పాలకులను అడగవలసిన నోళ్లను కన్నీళ్లతో మూయించింది. అంతకంటె పెద్ద హాని మరొకటి ఉన్నది. మహమ్మారిలో మతగురువు చేయదగిన గొప్ప పని చనిపోవడమేనన్న భావాన్ని అది జనంలో నాటింది.

ఆనాటి బేర్గమోను గుర్తు చేసుకుందాం. 2015–19 సంవత్సరాల మార్చి సగటుతో పోలిస్తే 2020 మార్చిలో ఆ జిల్లాలో మరణాలు 568 శాతం పెరిగాయని ఇటలీ జాతీయ గణాంక సంస్థ తేల్చింది. అక్కడి దినపత్రికలో సంతాప ప్రకటనలు పది పేజీలు నిండాయి. దహనవాటికలు చాలక, మార్చి 18 రాత్రి సైనిక వాహనాలు శవపేటికలను ఇతర పట్టణాలకు తరలించాయి. ఆ ఒక్క మేత్రాసనంలోనే కొద్ది వారాలలో ఇరవై మందికి పైగా గురువులు మరణించారు.

కథోలిక సమాజంలో ఒక గుడి పరిధిలోని భక్తకుటుంబాల సముదాయాన్ని విచారణ అంటారు. దానికి బాధ్యుడు విచారణ గురువు. పుట్టుక, పెండ్లి, చావు, అన్నిటా ఆయన ఉంటారు. అటువంటి మనిషికి మార్చి రెండవ వారంలో అందిన ఆజ్ఞ ఏమిటి? ప్రజలతో దివ్యబలిపూజ వద్దు, అంత్యక్రియల పూజ వద్దు, జనాన్ని చేరనీయవద్దు. రమ్మని గంట కొట్టవలసినవాడు రావద్దని చెప్పవలసి వచ్చింది. నిత్యం పూజకు వచ్చే ముసలమ్మకు గుడి తలుపు మూసి ఉన్నదని నచ్చజెప్పడం, ఒంటరిగా ఉన్నవారికి ఫోను చేయడం, శ్మశానంలో నలుగురి ఎదుట ప్రార్థన ముగించడం, ఇవే ఆయన పనులు. వీటిలో కథకు పనికివచ్చే ఘట్టం ఒక్కటీ లేదు. ప్రాణాలు నిలిపినవి మాత్రం ఇవే.

చరిత్ర చెప్పేదీ ఇదే. 1576లో మిలాన్‌ను ప్లేగు ముట్టడించినపుడు అక్కడి అగ్రపీఠాధిపతి కార్డినల్ చార్లెస్ బొరోమియో నగరం విడిచి పారిపోలేదు. రోగులకు అన్నవస్త్రాలు సమకూర్చారు. ఇండ్లలో నిర్బంధంలో ఉన్నవారు కిటికీల నుంచే పూజ చూడగలిగేటట్లు వీధికూడళ్లలో బలిపీఠాలు కట్టించారు. అదే బొరోమియో పాదరక్షలు లేకుండా ఊరేగింపులూ నడిపారు. చిత్రకారులు ఆయనను ప్లేగు రోగుల నడుమ నిలిపి ఎన్నెన్నో పటాలు గీశారు. రోగవ్యాప్తి దృష్టితో చూస్తే, ఆయన నుంచి మనం నేర్చుకోవలసినది కిటికీలోంచి కనబడే ఆ వీధి బలిపీఠం.

యాభై నాలుగేండ్ల తరువాత అదే నగరానికి మళ్లీ ప్లేగు వచ్చింది. అప్పటి అగ్రపీఠాధిపతి ఫెడెరీగో బొరోమియో, చార్లెస్‌కు పినతండ్రి కుమారుడు. చార్లెస్ భౌతికకాయాన్ని ఊరేగించాలని నగరపెద్దలు కోరినపుడు ఆయన మొదట ఒప్పుకోలేదు. జనం గుమిగూడితే రోగం ప్రబలుతుందన్న శంక ఆయనకు ఉన్నది. చివరికి ఒత్తిడికి లొంగిపోయారు. 1630 జూన్ 11న ఊరేగింపు జరిగింది. తరువాతి రోజులలో మరణాలు ఒక్కసారిగా పెరిగాయి. జనం ఆ పెరుగుదలకు ఊరేగింపును కారణంగా చూడలేదు. గోడలకు విషం పూసేవారున్నారన్న పుకారును మరింత గట్టిగా నమ్మారు. ఆ పుకారుకే బలి చేసి, ఆగస్టులో ఒక ఆరోగ్యాధికారినీ ఒక మంగలినీ చిత్రహింసలు పెట్టి చంపారు. తెలిసీ లొంగిన నాయకత్వానికి, రుజువు లేని కథకు సమాజం చెల్లించిన మూల్యం అది.

1918 ఇన్‌ఫ్లుయెంజా కాలంలో స్పెయిన్‌లోని థమోరా పట్టణంలోనూ ఇదే జరిగింది. జనం గుమిగూడరాదని ఆరోగ్యాధికారులు కోరుతుండగా పీఠాధిపతి ఆల్వరో ఇ బల్యానో నవదిన ప్రార్థనలు జరిపించారు. భక్తులు వరుసలో నిలిచి పవిత్ర అవశేషాలను ముద్దాడారు. ఆ దేశంలో అత్యధిక మరణరేటు చూసిన పట్టణాలలో థమోరా ఒకటి. అయినా ప్రజలు పీఠాధిపతిని వీరునిగానే కొలిచారు. చేటు చేసిన ధైర్యానికి హారతి పట్టడం మనకు కొత్త కాదు.

బజారు తెరిచి గుడి మూయడమేమిటని ఆనాడు చాలామంది అడిగారు. ప్రశ్న న్యాయమైనదే, సమాధానం శరీరధర్మంలో ఉన్నది. బజారులో మనిషి వస్తువు కొని కదిలిపోతాడు. ప్రార్థనాలయంలో, అందులోనూ ఎక్కువ మంది వయోవృద్ధులు, మూసిన గదిలో గంటసేపు పక్కపక్కన కూర్చొని గొంతెత్తి పాడతారు. పాటతో సూక్ష్మతుంపరలు గాలిలోకి అధికంగా వెలువడతాయి. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక గాయకబృందం రెండున్నర గంటలు సాధన చేసింది. హాజరైన 61 మందిలో, నిర్ధారణ అయినవారినీ లక్షణాలను బట్టి లెక్కించినవారినీ కలిపి 53 మంది వ్యాధిగ్రస్తులయ్యారు, ఇద్దరు మరణించారు. పాడినది భక్తితోనా, వినోదానికా అని వైరస్ విచారించదు.

ఏప్రిల్ 26న ఇటలీ ప్రభుత్వం సడలింపులు ప్రకటిస్తూ ప్రజలతో పూజలకు అనుమతి ఇవ్వనపుడు, ఆ దేశ పీఠాధిపతుల సమాఖ్య ఆరాధనా స్వేచ్ఛ దెబ్బతింటున్నదని ఘాటుగా నిరసించింది. రెండు రోజులకే పోపు ఫ్రాన్సిస్ ఉదయపూజలో, మహమ్మారి తిరిగి రాకుండా ఉండేందుకు వివేకమూ విధేయతా ప్రజలకు కలగాలని ప్రార్థించారు. మే 7న ఇరుపక్షాలూ దూరం, మాస్కుల నియమాలపై ఒప్పందానికి వచ్చాయి. మే 18న గుడులు తెరుచుకున్నాయి. మూడు వారాల ఓర్పుతో విశ్వాసం కూలిపోలేదు.

ఇక రెండవ పక్షానికీ ఒక మాట చెప్పాలి. మతగురువులకు వైద్యంతో పని లేదు, వారు పక్కన కూర్చుంటే చాలు అనేవారు మనలో ఎందరో ఉన్నారు. ఇదీ తప్పే. అధికారి ఉత్తర్వు చెవి దాకా వస్తే, గురువు మాట గడప లోపలికి వెళుతుంది. కోవిడ్ టీకాల తయారీలో వాడిన కణజాలం మూలాలపై కథోలికులలో సందేహాలు తలెత్తినపుడు, వేరే టీకా అందుబాటులో లేనిచోట వాటిని తీసుకోవడం నైతికంగా ఆమోదయోగ్యమేనని 2020 డిసెంబరు 21న వాటికన్ ప్రకటించింది. ఆ భయాన్ని తొలగించే శక్తి ఏ వైద్య కరపత్రానికీ లేదు.

రోగులను ఒంటరిగా చావనివ్వడం మా వైద్యవ్యవస్థ చేసిన క్రూరమైన తప్పిదం. 2020 మార్చి 20న వాటికన్, ఒక్కొక్కరి పాపసంకీర్తనం వినడం వీలుకాని చోట వార్డు గుమ్మం వద్ద నిలిచి సామూహికంగా పాపక్షమాపణ ఇచ్చే వెసులుబాటు కల్పించింది. మతం తన నియమాన్ని సడలించుకోగా ఆసుపత్రి తన నియమాన్ని సడలించుకోలేదా? మాస్కు, గౌను, చేతితొడుగులు వాడడంలో శిక్షణ పొందిన ఒక గురువునో, ఒక బంధువునో లోపలికి పంపడం అసాధ్యమేమీ కాదు. వారి కోసం నాలుగు జతల రక్షణ దుస్తులు ముందే లెక్కలో వేసుకోవాలి.

మహమ్మారులు మళ్లీ వస్తాయి. తెలుగునాట జాతరలున్నాయి, ఉరుసులున్నాయి, గుణదల ఉత్సవాలున్నాయి. కనుక మీరు ఏ మతంవారైనా, మీ గుడి, మసీదు, చర్చి పెద్దలను ఇప్పుడే అడగండి. గుమిగూడవద్దన్న రోజున జనం ఒత్తిడికి లొంగకుండా నిలబడతారా? ఒంటరి వృద్ధుల పేర్లు, ఫోను నంబర్లు మీ వద్ద రాసి ఉన్నాయా? టీకా గురించి వేదికపై మాట్లాడే ముందు ఒక వైద్యుణ్ణి సంప్రదిస్తారా? సరైన సమాధానాలు ఇచ్చిన గురువుకు చేతులెత్తి నమస్కరించండి. ఆయన పేరు మీద అద్భుత గాథలేవీ పుట్టకపోవచ్చు. ఆయన విచారణలో శవపేటికలు మాత్రం తగ్గుతాయి.