అభిప్రాయం ఎవరిది? చెత్త ఎవరిది?

మీ ప్రాంతం శుభ్రంగా ఉందా? మున్సిపాలిటీ పనితీరు మీకు తృప్తిగా ఉందా? సర్కారు ఈ మధ్య జనాన్ని బాగానే అడుగుతోంది. 2016లో మొదలైన స్వచ్ఛ సర్వేక్షణ్‌లో పౌరుల అభిప్రాయానికీ మార్కులున్నాయి. ఫోన్‌లో చెప్పొచ్చు, యాప్‌లో చెప్పొచ్చు. అడగడం మంచిదే, కాదనం. కానీ అడిగింది ఎవరిని? రాసుకున్నది ఎవరి మాట? ముందు ఇది తేలాలి.

హైదరాబాద్ శివార్లు చూడండి. చాలావరకు నిన్నమొన్నటి ఊర్లే. ఊరన్నాక మాలవాడ ఉంటది, మాదిగవాడ ఉంటది. పొలాలు ప్లాట్లయినయ్, ప్లాట్లు కాలనీలయినయ్, కాలనీల పక్కన అపార్ట్‌మెంట్లు లేచినయ్. వాడ మాత్రం ఉన్నచోటనే ఉండి బస్తీ అని పేరు మార్చుకుంది. 2007లో 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను హైదరాబాద్‌లో కలిపి మహానగర పాలక సంస్థ చేశారు. 2018లో చుట్టుపక్కల పంచాయతీలు ఎన్నో మున్సిపాలిటీలయినయ్. 2025 చివర్లో మరో 27 పట్టణ సంస్థలను నగరంలో కలిపారు. ఇన్నిసార్లు ఆఫీసు బోర్డులు మారినయ్ గదా, ఒక్కసారన్నా వాడకొచ్చి ‘మీరేమంటారు’ అని అడిగినోళ్లున్నారా?

పంచాయతీ ఉన్నప్పుడు కాగితం మీదన్నా గ్రామసభ ఉండేది. ఓటున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే. దొర ముందు నోరు లేవకపోయినా, లేచి అడిగే హక్కు చట్టంలో ఉండేది. మున్సిపాలిటీ అయినంక అదీ పాయె. 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలు ఉండాలన్నది గానీ, 3 లక్షలు, ఆపై జనాభా ఉన్న పట్టణాలకే ఆ మాట వర్తిస్తది. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం వార్డుకు నాలుగు కమిటీలు పెట్టమన్నది. యువకులకొకటి, మహిళలకొకటి, వృద్ధులకొకటి, ప్రముఖులకొకటి. ప్రముఖులంటే ఎవరో మనకు వేరే చెప్పాల్నా? బస్తీల నుంచి ఎంతమందిని ప్రముఖులుగా లెక్కేశారో ఎవరి వార్డులో వాళ్లు చూసుకోండి.

ఇక కాలనీ సంక్షేమ సంఘాలు. అధికారులకు ‘ప్రజలు’ అంటే ముందు గుర్తొచ్చేది ఇవే. ఈ సంఘాల్లో మాట నడిచేది ఇల్లున్నోళ్లది. కిరాయికుండేటోళ్లు, వాచ్‌మన్, పనిమనిషి అక్కడే బతుకుతున్నా నివాసులు కారు. ఇది మన దగ్గరి రోగమే కాదు. ఢిల్లీలో 2000లో భాగిదారీ అని పథకం పెట్టి కాలనీ సంఘాలను పిలిచి కూర్చోబెట్టారు. జుగ్గీల్లో ఉండేటోళ్లకు ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు.

కాలనీవాళ్ల ఫిర్యాదులు అబద్ధమని మేం అనడం లేదు. చెత్తబండి రాకపోతే, వీధిదీపం వెలగకపోతే వాళ్లూ అడగాల్సిందే. అయితే ఆ బండి మీద వచ్చే మనిషి ఎక్కడ ఉంటడు? పొద్దుగాల ఐదు గంటలకే చీపురు పట్టే తల్లి ఏ గల్లీలో ఉంటది? వాళ్ల గల్లీకి బండి వస్తదా? ఊరిని శుభ్రం చేసే మనిషికి ఊరి శుభ్రత మీద అభిప్రాయం ఉండదా? 2015 జులైలో హైదరాబాద్ పారిశుధ్య కార్మికులు జీతం చాలడం లేదని సమ్మె చేసి తమ అభిప్రాయం చెప్పారు. వందలమందిని పనిలోంచి తీసేశారు. వాళ్ల అభిప్రాయానికి పడ్డ మార్కులు అవి!

చెత్త పోయేదెక్కడికి? జవహర్‌నగర్‌కు. నగరంలో బండి టైముకొచ్చి చెత్త తీసుకుపోతే అక్కడి మనిషి ‘తృప్తిగా ఉంది’ అంటడు. అదే చెత్త గుట్టయి కూర్చున్న చోట జనం కంపు పీలుస్తున్నరు, నీళ్లు చెడిపోయినయ్‌రా అని మొత్తుకుంటున్నరు. వాళ్ల సమాధానం కూడా కలిపి లెక్కేస్తే నగరానికి ఎన్ని మార్కులొస్తయ్?

అధికారుల జవాబు మనకు తెల్సిందే. ‘అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, చెప్పొచ్చు కదా, బస్తీవాళ్లే ముందుకు రారు’ అంటారు. చీకటితో పోయి చీకటితో వచ్చే మనిషిని పగటిపూట మీటింగుకు పిలిచి, రాలేదని రాసుకోవడం ఏం న్యాయం? నల్లా బిల్లు ఓనరు పేరు మీద ఉంటే కిరాయికున్నామె నీళ్ల గురించి ఏ నంబరు చెప్పి ఫిర్యాదు చెయ్యాలె?

ఒక సంగతి మరువొద్దు. మహాడ్ మున్సిపాలిటీ 1924లోనే చెరువు అందరిదీ అని తీర్మానం చేసింది. తీర్మానం కాగితంలో ఉంది, నీళ్లు మాత్రం అంటరానోళ్లకు అందలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచిపోయి ఆ నీళ్లు తాగితే, అదే ఏడు ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తనే రద్దు చేసుకుంది. అప్పుడు సవర్ణుల ‘అభిప్రాయం’ ఏమిటని అడిగి ఉంటే వద్దనే అనేవారు. చివరికి 1937లో బొంబాయి హైకోర్టు తీర్పు మనవైపు వచ్చింది. నీళ్లు, మోరీ, దీపం హక్కులు. ఎక్కువమంది మెచ్చుకున్నారా లేదా అనే లెక్క మీద ఇచ్చేవి, ఆపేవి కావు.

అందుకే మనం అడగాల్సినవి ఇవి. సర్వే బస్తీకి రావాలె, పని నుంచి వచ్చినంక సాయంత్రం పూట రావాలె. యాప్ రానోళ్ల దగ్గర నోటిమాట రాసుకోవాలె. కాలనీలో ఎందరు చెప్పారు, బస్తీలో ఎందరు చెప్పారు అని విడివిడిగా లెక్క బయటపెట్టాలె. పారిశుధ్య కార్మికులను పేరు బయటపెట్టకుండా అడగాలె. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. మా వార్డులో ఏ బస్తీ నుంచి ఎందరి అభిప్రాయం తీసుకున్నారని పది బస్తీల నుంచి పది దరఖాస్తులు పడనియ్యండి.

అభిప్రాయం చెప్పమని వాళ్లు పిలిచేదాకా ఆగాల్సిన పని లేదు. మన గల్లీలో మనమే కూర్చుందాం. నల్లా ఎన్ని రోజులకొస్తుందో, మోరీ ఎప్పుడు తీశారో, దీపాలు ఎన్ని ఆరిపోయినయో మనమే రాసి సంతకాలు, వేలిముద్రలు పెట్టి కమిషనర్ టేబుల్ మీద పెడదాం. రసీదు తీసుకోవడం మాత్రం మరువొద్దు.