నాటు తుపాకీని వర్క్‌షాపుకి ఇవ్వండి

మన్యంలో నాటు తుపాకులు అప్పగించమని పోలీసులు అప్పుడప్పుడూ పిలుపునిస్తుంటారు. మంచి పనే. అడవిపందికి గురిపెట్టిన తుపాకీ మనిషికి తగిలితే ఒక ఇల్లు కూలిపోతుంది. కానీ అప్పగించినవన్నీ తుక్కు కావాల్సిందేనా?

కంకిపాడులో కూర్చున్న మనకెందుకీ గోల అంటారా? మెకానికల్ వాళ్ళు కాస్త వినండి. గొట్టం మూతిలోంచి మందు, రవ్వలు కూరి, చిన్న క్యాప్ మీద సుత్తి దెబ్బతో పేల్చడం పాత పద్ధతి. చెకుముకి తుపాకీ మెరుపుకి పిట్టలు ఎగిరిపోతున్నాయని స్కాట్లాండ్ పాస్టర్ ఫోర్సైత్, దెబ్బకి పేలే మందు వాడి 1807లో పేటెంటు తీసుకున్నాడు. రాగి క్యాప్ ఆ తర్వాత వచ్చింది. సెయింట్ లూయిస్‌లో హాకెన్ అన్నదమ్ములు ఈ పద్ధతిలోనే చేసిన వేట రైఫిళ్ళని అమెరికా మ్యూజియాల్లో దాచుకుంది. మన కొండల తుపాకీకి ఆ చోటెందుకు లేదు?

రిపేరు చేసినా పేలని పాత ఆయుధాలకు 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కాబట్టి పోలీసులే ఒకటి రెండింటి గొట్టాలు నిలువునా కోయించి, మ్యూజియానికో కాలేజీ వర్క్‌షాపుకో ఇవ్వాలి. పక్కన అది దొరికిన ఊరి పేరు రాయాలి. ఆ ఊళ్ళ పనితనం గురించి మన సిలబస్‌లో ఒక్క లైను కూడా లేదు. కోసిన ఆ గొట్టాన్ని చూసైనా నేర్చుకుందాం.